పద్నాలుగు వయొలిన్లు మూగబోయిన రోజు

రాత్రికి రాత్రి ఎవరో తన పద్నాలుగు వయొలిన్ల గొంతు తీసేశారని దీవెనకి శనివారం ఉదయం ఆరున్నరకి తెలిసింది.

మొదటి పెట్టె తెరిస్తే తీగలు వదులుగా వేలాడుతున్నాయి. వాటిని ఎత్తిపట్టే బ్రిడ్జి ఊడి, పాత గుడ్డలో చుట్టి పక్కన ఉంది. వయొలిన్‌ని కిటికీ వెలుతురుకి ఎత్తి, పక్కనున్న సన్నటి కంతలోంచి లోపలికి చూసింది. ఖాళీ.

వయొలిన్ పొట్టలో, పై చెక్కకీ కింది చెక్కకీ మధ్య, పెన్సిలు ముక్కంత కర్రపుల్ల ఒకటి నిలబడి ఉంటుంది. జిగురు ఉండదు, మేకు ఉండదు. అది ఉంటేనే వయొలిన్ పాడుతుంది. లేకపోతే కమాను ఎంత లాగినా డొల్ల డబ్బాలా మూలుగుతుంది.

రెండో పెట్టె, మూడోది... పద్నాలుగోది కూడా తెరిచి చూసింది. ఒక్కదాంట్లోనూ పుల్ల లేదు. సాయంత్రం నాలుగింటికి పోటీ.

"అమ్మా! రాత్రి వీధి తలుపు గడియ ఎవరు పెట్టారు?"

అమలమ్మ వంటింట్లోంచి గరిటెతో వచ్చింది. "నేనే. ఏమైందే?"

"మన కొంప ముంచారు."

దీవెన సంగతి చెప్పింది. విన్నాక అమలమ్మ నోటి నుంచి వచ్చిన మొదటి మాట ఒక పేరు. "బెన్నీ."

ఆ ఇంట్లో పన్నెండేళ్ళుగా ఆ పేరు తిట్టుగానే పలుకుతున్నారు.

దీవెన తండ్రి సంజీవరావు ఒకప్పుడు హైస్కూల్లో మ్యూజిక్ మాస్టారు. నలభైమంది పిల్లలకి తలా ఒక వరస ఇచ్చి, అందర్నీ ఒకే పాటలో కలిపి వాయింపించేవాడు. తొంభై రెండులో ఆయన బృందం వాయించిన 'లాకులెత్తిన రోజు'కి రాష్ట్రస్థాయి పోటీలో మొదటి బహుమతి వచ్చింది. స్వరకర్తగా ఆయన పేరే ప్రకటించారు. వారం తిరక్కుండా, ఆయన ఇంట్లో అన్నం తిని ఆయన దగ్గరే నేర్చుకున్న పదో తరగతి కుర్రాడు బెన్నీ హెడ్మాస్టరు గదికి వెళ్ళి "ఆ పాట నాది" అన్నాడు. విచారణ అన్నారు. సంజీవరావు విచారణకి ఆగలేదు. రాజీనామా కాగితం ఇచ్చి ఇంటికొచ్చేశాడు. అవమానం భరించలేక వచ్చేశాడని తల్లీ కూతురూ ఏడ్చారు. అప్పట్నుంచి ఆయన క్రీస్తురాజపురంలోని ఈ రెండు గదుల ఇంట్లో విరిగిన వయొలిన్లు బాగుచేస్తూ బతికాడు.

బెన్నీ ఇప్పుడు ఇబ్రహీంపట్నంలో ఒక స్కూల్లో సంగీతం నేర్పుతున్నాడు. ఈ రోజు పోటీకి ఉన్న ముగ్గురు జడ్జీల్లో ఒకడు.

దీవెన కోరుకున్నదీ అదే. తను పనిచేసే ఆడపిల్లల స్కూల్లో మూడేళ్ళ కిందట ఆర్కెస్ట్రా మొదలుపెట్టింది. పక్క వరస వింటూనే తన వరస తప్పకుండా వాయించడం, అందరి కమానులూ ఒకే ఊపిరిలా ఎత్తి దించడం నేర్పింది. ఈ ఏడాది నాన్న పాట ఎత్తుకుంది. వెనక వరస పిల్లలు చేతులు నొప్పెట్టి కమాను దించితే ఊరుకునేది కాదు.

"ఎత్తండి. ముందు వరసలో కూర్చునే ఒకాయనకి ఇది వినిపించాలి."

"ఎవరు మిస్?" అని మొదటి వయొలిన్ వాయించే జుబియా అడిగేది.

"విన్నాక ఆయన మొహం చూడు, నీకే తెలుస్తుంది."

'స్వరకర్త: శ్రీ సంజీవరావు' అని ప్రోగ్రాం కాగితాల మీద అచ్చు వేయించింది. బెన్నీ ఎదురుగా ఆ పేరు చదవాలి, వాడు తలదించుకోవాలి. నాన్న పేరు నాన్నకి తిరిగి రావాలి. ఆమెకి అంతకంటే ఏమీ అక్కర్లేదు.

శనివారం స్కూలుకి సెలవు కాబట్టి నిన్న సాయంత్రమే వయొలిన్లన్నీ ఆటోలో ఇంటికి తెచ్చి పెట్టి, ఆ కాగితాల కోసం ప్రెస్సుకి వెళ్ళింది.

"నిన్న నేను చర్చిలో ఉన్నప్పుడు వాడి స్కూటరు మనింటి ముందు ఆగిందంట. ఎదురింటి సంపూర్ణమ్మ చెప్పింది" అంది అమలమ్మ. "మీ నాన్నని అడిగితే ఊరికే పలకరించి పోయాడన్నారు. పాముని పీట వేసి కూర్చోబెట్టారు."

లోపలి పుల్ల తియ్యాలన్నా, నిలబెట్టాలన్నా వంపు తిరిగిన ఇనప చువ్వ కావాలి. ఊళ్ళో అది పట్టుకోవడం తెలిసినవాళ్ళు ఇద్దరే. నాన్న, నాన్న నేర్పిన బెన్నీ. ఇంకేం కావాలి?

నాన్న లోపలి గదిలో గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. పిలిస్తే, తల తిరుగుతోందన్నాడు. దీవెన ఆయన్ని వదిలేసి ఫోను అందుకుంది.

"నేను దీవెనని. నీ చువ్వ తీసుకుని గంటలో మా ఇంటికి రా. రాకపోతే నీ స్కూలుకి పోలీసులొస్తారు."

అవతల బెన్నీ ముందు అడిగింది ఒకటే. "మాస్టారికి ఒంట్లో బాగానే ఉందా?"

"ఉంది. ఆ కాస్త ప్రేమ చేతులకి కూడా నేర్పాల్సింది."

తొమ్మిది కాకముందే బెన్నీ వచ్చాడు. సన్నగా, కళ్ళజోడుతో, చెప్పులు గుమ్మం బయటే విడిచాడు.

"రా బాబూ, రా" అంది అమలమ్మ. "తిన్న ఇల్లేగా, దారి మర్చిపోలేదు. పన్నెండేళ్ళ కిందట మా ఆయన ఉద్యోగం తిన్నావు. ఇంకా ఆకలి తీరలేదా?"

"ఏం జరిగిందో చెప్పండి, అమ్మగారూ."

దీవెన ఒక పెట్టె అతని ముందుకి తోసింది. "నువ్వే చెప్పు. ముందు పద్నాలుగూ బాగుచేస్తావు. తరవాత సాయంత్రం మా పిల్లల ముందు నిలబడి క్షమాపణ చెప్తావు. నీ ఉద్యోగం పోయేదాకా నేను నిద్రపోను."

బెన్నీ వయొలిన్ తీసుకుని కంతలోకి చూశాడు. తీగలు వేలితో తడిమాడు. గుడ్డలో చుట్టిన బ్రిడ్జిని విప్పి, మళ్ళీ అలాగే చుట్టాడు. ఇంకోటి తెరిచాడు. ఇంకోటి. అతని మొహంలో కోపం లేదు. అదే ఆమెని ఇంకా మండించింది.

"అన్నీ ఇలాగే ఉన్నాయా?"

"ఏం, లెక్క మర్చిపోయావా?"

"తీగలు బిగించి ఉండగా పుల్ల పీకితే ఏమవుతుంది, దీవెనా?"

"పై చెక్క కుంగి పగులుతుంది. నాకు పాఠం చెప్తావా?"

"మరి ఇది చేసినవాడు ముందు ప్రతి తీగా వదులు చేశాడు. బ్రిడ్జికి దెబ్బ తగలకుండా గుడ్డ చుట్టాడు. పగతో వచ్చినవాడికి ఇంత ఓపిక ఎందుకు? ఒక్క గుద్దు చాలదా?"

"దొరక్కుండా ఉండటానికి."

"సరే. నాకైతే ఒక్కోదానికి పది నిమిషాలు పడుతుంది. పద్నాలుగింటికి రెండు గంటల పైన. నేను నిన్న ఎంతసేపున్నాను?"

అమలమ్మ విసురుగా గుమ్మంలోకి వెళ్ళి కేకేసింది. "వదినా! నిన్న ఆ స్కూటరాయన మా ఇంట్లో ఎంతసేపున్నాడు?"

ఎదురింటి మేడ మీద బట్టలు ఆరేస్తున్న సంపూర్ణమ్మ ఆలోచించలేదు. "ఎక్కడ వదినా! నేను పప్పు కుక్కరు పెట్టి వచ్చి చూశా. మూడో కూత వచ్చేలోపు వెళ్ళిపోయాడు. మంచినీళ్ళన్నా తాగాడో లేదో!"

అమలమ్మ వెనక్కి వచ్చి గుమ్మం పక్కన నిలబడింది.

"మరెందుకొచ్చావు?" అంది దీవెన. గొంతులో పదును తగ్గలేదు, నమ్మకం తగ్గింది.

బెన్నీ లోపలి గది వైపు చూశాడు. "పాటలూ స్వరకర్తల పేర్లూ ఉన్న జాబితా నిన్న జడ్జీలకి పంపారు. 'రేపు స్వరకర్తగా మీ పేరు చదివితే హాల్లో లేచి నిలబడతాను, నా పుస్తకం అందరికీ చూపిస్తాను' అని మాస్టారితో చెప్పడానికి వచ్చా. పన్నెండేళ్ళు నోరు మూసుకున్నాను. కోపం మీ ఒక్క ఇంట్లోనే లేదు, దీవెనా."

"ఏ పుస్తకం?"

గది తలుపు కిర్రుమంది. సంజీవరావు పాత కళ్ళజోడు పెట్టె పట్టుకుని వచ్చాడు. దాన్ని బల్ల మీద పెట్టి మూత తీశాడు. లోపల పద్నాలుగు పుల్లలు, ఒక్కోదాని మీద పెన్సిలుతో నంబరు.

"ఒకదానిది ఇంకోదానికి పట్టదు" అన్నాడు. "అందుకని నంబర్లు వేశాను."

అమలమ్మ పెట్టెలోకి వంగి నంబర్లు చూసింది.

"నాన్నా?"

"వాణ్ణేం అనకమ్మా. మీరు పడుకున్నాక నేనే తీశాను. ఆ పాట నాది కాదు. వీడిది. వీళ్ళ నాన్న సొలొమోను, కాలవ లాకుల దగ్గర గేట్లు ఎత్తి దించే లస్కరు. జూన్‌లో గేటు ఎత్తితే నీళ్ళు ముందు సన్నగా గొణిగి, ఆ తరవాత ఒక్కసారి ఉరుకుతాయని వీడు చెప్పేదాకా నాకు తెలీదు. నేనెప్పుడూ చూళ్ళేదు. వేసవి సెలవుల్లో పాటంతా రాసి, తప్పులుంటే దిద్దండి మాస్టారూ అని పుస్తకం నా చేతిలో పెట్టాడు. ఎర్ర సిరాతో మూడు చోట్ల దిద్ది తిరిగిచ్చాను. నేను చేసిందల్లా ఆ మూడు దిద్దుబాట్లే."

దీవెన పన్నెండేళ్ళు నూరిన కత్తి చేతిలోనే ఉంది. దాని ముందు ఇప్పుడు నాన్న నిలబడ్డాడు.

"ఎందుకు? ఎందుకు చేశావు నాన్నా? పోనీ, నా పిల్లలేం చేశారు? జుబియా ఏం చేసింది నీకు?"

బెన్నీ నేల మీద కూర్చుని, ఒకటో నంబరు పుల్లని చువ్వకి గుచ్చి మొదటి వయొలిన్ ఒళ్ళోకి తీసుకున్నాడు. సంజీవరావు అతని చేతుల్నే చూస్తూ మాట్లాడాడు.

"వాళ్ళేం చెయ్యలేదు. వాళ్ళు వాయించకపోతే నా దొంగతనం బయటపడదు అనుకున్నాను, అంతే. ఇరవై ఏళ్ళు ఎవరెవరి పాటలో నేర్పాను, సొంతంగా ఒక్క వరస రాయలేకపోయాను. పదహారేళ్ళవాడు రాశాడు. కుళ్ళుకున్నాను. పోటీలో ఎవరిదని అడిగితే నాదే అన్నాను. విచారణంటే ఆ పుస్తకం బయటికొస్తుందని పారిపోయి వచ్చాను. ఇంట్లో మీరిద్దరూ వీణ్ణి తిడుతుంటే నాకు హాయిగా ఉండేది, దీవెనా. అదే నేను చేసిన పాపం, పాట కంటే పెద్దది. నీ పదమూడో ఏట నుంచి నీకు పగ తినిపించి పెంచాను. పాట వద్దని నీకు రెండుసార్లు చెప్పబోయాను, నువ్వు నా మొహం చూసి మురిసిపోతుంటే నోరు రాలేదు. సాయంత్రం నన్ను తీసుకెళ్ళు. పిల్లలు వాయించే ముందు నేనే చెప్తాను, ఇది బెన్నీ పాట, దొంగిలించింది నేను అని. నువ్వు నా పక్కన నిలబడొద్దు. పిల్లల దగ్గరుండు. నేను ఒక్కణ్ణే చెప్పుకోవాలి."