పన్నెండో ఆవిడ పేరు

ఆదివారం మధ్యాహ్నం. చర్చి వెనక గదిలో కూర్చుని మా శాఖ వందేళ్ల చరిత్రకు చివరి పేజీ రాస్తున్నాను. మాది అమెరికా స్వాతంత్ర్యం కోసం ఇంగ్లండు రాజు మీద తిరగబడ్డవాళ్ల వారసురాళ్ల సంఘం. ముత్తాతకు ముత్తాత తుపాకి పట్టినట్టు రుజువు చూపిస్తేనే సభ్యత్వం. ఆయన పేరులో ఒక్క అక్షరం తప్పు పోకూడదు. సభ్యురాలి పేరంటారా, అదెవరిక్కావాలి!

శాఖ పెట్టిన పన్నెండు మందీ పాత రిజిస్టర్లో మొగుళ్ల పేర్లతోనే ఉన్నారు. మూడేళ్లు మా వెర్మాంట్ రాష్ట్రమంతా తిరిగి పదకొండు మంది సొంత పేర్లు పట్టుకున్నాను. పన్నెండో ఆవిడ శ్రీమతి ఆరిన్ థాకెట్. సమాధి రాయి మీద కూడా 'ఆరిన్ భార్య' అనే ఉంది. రేపు పుస్తకం అచ్చుకి వెళ్తుంది.

"శ్రీమతి ఆరిన్ అనే రాసెయ్యవే అగస్టా," అంది అధ్యక్షురాలు లుసిండా, మిగిలిన కేకు డబ్బాలో సర్దుతూ. "ఆవిడొచ్చి నిలదీస్తుందా ఏంటి?"

"నీ రాయి మీద 'వాల్టర్ పెళ్లాం' అని చెక్కిస్తే తెలుస్తుంది."

"చెక్కించు. వాడి పక్కన మాత్రం పడుకోబెట్టకు తల్లీ."

నవ్వుతూ డబ్బా కారులో పెట్టడానికి వెళ్లింది.

ఇక చేసేదేముంది? 'శ్రీమతి ఆరిన్' అని రాశాను.

బయట మంచు కలిసిన వాన. హీటర్ టక్కున ఆగింది. తడిసిన ఉన్ని వాసన... కలరా ఉండల వాసన... ఎదుటి కుర్చీ కిర్రుమంది.

ఎవరూ లేరు. కుర్చీ అంచు నుంచి నీళ్లు బొట్టు బొట్టుగా కారుతున్నాయి.

"అమ్మాయ్..." గుసగుస. "దొరికిందా?"

"ఏ... ఏంటి?"

"నా పేరు. నాకూ గుర్తులేదు. మా అమ్మ పిలిచేది... ఎట్లా పిలిచేదో..."

సంతలో తప్పిపోయిన పిల్ల గొంతులా ఉంది. భయపడుతూనే జాలిపడ్డాను. ఏదో ఒక పేరు ఇద్దామనుకున్నాను. ఆ క్షణాన నాదే తట్టింది.

"అగస్టా," అన్నాను. "అగస్టా అనుకో అమ్మా."

"అగస్టా..." రుచి చూస్తున్నట్టు అంది. "అగస్టా." చాలాసేపు ఏడ్చింది, ఆకలి తీరినవాళ్లలా.

'శ్రీమతి ఆరిన్' కొట్టేసి ఆ పేరే రాశాను.

లుసిండా తలుపు తెరిచింది. "అగస్టా, పదవే. రోడ్డు జారుడైపోతోంది."

"వస్తున్నా," అంది ఎదుటి కుర్చీ.

నా పేరు చెప్పబోయాను. గుర్తు రాలేదు...

లుసిండా ఆ కుర్చీ వైపు చూసి నవ్వింది. కొక్కేనికి ఉన్న నా కోటు తీసి అటు అందించింది. తర్వాత నా వైపు తిరిగి, ముఖపరిచయం లేనివాళ్లతో మాట్లాడే మర్యాదతో అడిగింది.

"మీరెవరి భార్య అండీ?"