మనిషిగా వచ్చినవాడు

క్రిస్మస్ పొద్దున్నే నరసాపురం పాతపేట వీధి మారుమనుషులతో కిటకిటలాడుతోంది. ఇస్త్రీ మడత నలగని బట్టలు, చేతిలో కేకు పెట్టె, పైన యజమాని మొహం. ఇంటింటికీ వెళ్ళి పండగ శుభాకాంక్షలు చెప్పి పోతున్నాయి. ఆ ఇళ్ళవాళ్ళు మాత్రం లేచారా? వాళ్ళూ పక్క మీంచి లేవకుండానే తమ మారుమనుషుల్ని గుమ్మంలోకి పంపారు. రెండు బొమ్మలు ఒకదాన్నొకటి కౌగిలించుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంటే చూసేవాడు లేడు. ఇదండీ పండగ!

ఇప్పుడు ఊరూరా మారుకేంద్రాలున్నాయి. వాటిలో ఒళ్ళు సిద్ధంగా ఉంటాయి. ఎక్కడో ఉన్నవాడు అడగ్గానే ఒక ఒంటికి వాడి మొహం, గొంతు, మాటతీరు అమరిపోతాయి. ముట్టుకుంటే వెచ్చగానే ఉంటుంది. నవ్వుతుంది, ఏడుస్తుంది. మెతుకు మింగలేదు, గుక్క తాగలేదు, అంతే తేడా. పెళ్ళికీ అదే, ఆసుపత్రికీ అదే, సమాధుల తోటకీ అదే. జరిగినదాని సారం సాయంత్రానికి యజమానికి చేరుతుంది. ఓపికుంటే వింటాడు. మనుషులు ప్రయాణాలు మానేశాక రైళ్ళు ఆగిపోయాయి, బస్సు వారానికొకటి అయింది.

దీనమ్మ మాత్రం మారుమనిషి జోలికి పోలేదు. ఆమె భర్త యోనా చనిపోయినప్పుడు, కొత్తగూడెంలో ఉన్న ఒక్కగానొక్క అన్న ప్రభుదాసు రాలేదు, బొమ్మను పంపాడు. అది పెట్టె మీద గుప్పెడు మన్ను వేసి, చక్కగా ఏడ్చి, ఆమె తల నిమిరింది. ఆ చెయ్యి అన్నది కాదని తెలిసి దీనమ్మకు ఒళ్ళు మండిపోయింది. అన్నయ్య మనిషిగా వస్తేనే గడప లోపలికని ఆ రోజే పట్టుబట్టింది. ఏటా క్రిస్మస్‌కి బొమ్మ వస్తుంది, ఆమె తిట్టి పంపేస్తుంది. పంపేశాక లోపలికెళ్ళి ఏడుస్తుంది. ఆమెకు మిగిలింది ఆ అన్న ఒక్కడే మరి.

ఈసారీ గేటు చప్పుడైంది.

"చెల్లీ, నేనేనే. వచ్చేను."

"ఆఁ, ఏటా ఇదే పాట," అంది దీనమ్మ. మారుమనుషులన్నీ అలాగే అంటాయి. మర్యాదగా ఉంటుందని తయారుచేసినవాళ్ళు నేర్పిన మాట అది.

మొహం చిక్కిపోయింది, గడ్డం నెరిసింది, చొక్కా మాసింది. ఆమె ఎగాదిగా చూసింది. "అబ్బో, ఈ ఏడు ముసలి మొహం కూడా తగిలించేరే! జాలి పడతాననా?"

"ఒట్టు చెల్లీ, నేనే. దారి పొడుగునా అష్టకష్టాలూ పడి వచ్చేను. కాసిని మంచినీళ్ళియ్యవే, నోరు పిడచగట్టుకుపోతోంది."

కొత్తరకం మారుమనుషులు కాఫీ కూడా అడుగుతున్నాయట, ఇస్తే గ్లాసు పట్టుకుని ఊరికే కూర్చుంటాయట, పక్కింటి మార్తమ్మ నిరుడే చెప్పింది. దీనమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "నీకు దాహమేంటి? నీకు గొంతేది? పోయి మా అన్నయ్యతో చెప్పు. చెల్లెలు చచ్చేలోపు ఒక్కసారి తన కాళ్ళతో నడిచి రమ్మందని చెప్పు!"

"ఇచ్చి చూడవే, తాగుతాను..."

తలుపు ధడాలున వేసేసింది. కాసేపటికి కిటికీలోంచి చూస్తే మెట్టు మీద తల వంచుకుని కూర్చునే ఉంది ఆ రూపం. "నటనలు!" అనుకుని, తెల్లచీర కట్టుకుని, పెరటి గుమ్మం గుండా గుడికి వెళ్ళిపోయింది.

గుడిలో సగం బెంచీలు మారుమనుషులవే. జెర్మియా అయ్యగారు ముసలాయన, స్వయంగా నిలబడి ప్రసంగం చేస్తారు.

"దేవుడికి దూతలు కరువా? ప్రవక్తల్ని పంపేడు, దర్శనాలు పంపేడు. ఇలా కాదని ఆఖరికి తనే బయల్దేరేడు. ఆకలేసే ఒళ్ళు, దెబ్బ తగిలితే నెత్తురు కారే ఒళ్ళు తొడుక్కుని ఒక తల్లి కడుపున పుట్టేడు. ఎందుకు? కబురు పంపితే సరిపెట్టుకునే ప్రేమ కాదమ్మా అది. క్రిస్మస్ అంటే అదీ! మరి వచ్చినవాణ్ణి మనం గుర్తుపట్టేమా? ఏళ్ళ తరబడి ఎదురుచూసినవాళ్ళే తలుపులేసుకున్నారు."

"ఆమేన్!" అందరికంటే గట్టిగా అంది దీనమ్మ. పొద్దున తను ఆ బొమ్మతో చెప్పిందీ ఇదేగా అని ఆమెకు గర్వంగా కూడా ఉంది.

ఆరాధన ముగిశాక అయ్యగారు దగ్గరికొచ్చారు. "ఇంత గొప్ప రోజున అన్నయ్యగారిని గుడికి తీసుకురాలేదేమమ్మా? తెల్లారగట్ల బస్సు దిగి దారి తప్పి ఇక్కడికొచ్చేరు. మా ఆవిడ ఇడ్లీలు పెడితే ఆవురావురుమని తిని, మీ ఇల్లెక్కడని అడిగి వెళ్ళేరు."

"తిన్నాడా?" అంది దీనమ్మ. "అయ్యగారూ, మా అన్నయ్య తిన్నాడా?"

జవాబు వినకుండానే పరుగెత్తింది. మెట్టు మీద ఎవరూ లేరు. బస్టాండుకు వెళ్ళేసరికి బస్సు బయల్దేరబోతోంది. కిటికీ పక్కన ప్రభుదాసు ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఆమె అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ చెయ్యి ఎముకలు తేలి గరుకుగా ఉంది.

"దిగన్నయ్యా! బొమ్మనుకున్నాను, నా కళ్ళు పోను! నీ కాళ్ళు పట్టుకుంటాను, దిగు!"

అతనికి కోపం లేదు. ఉన్నా బాగుండేది. "నీ తప్పేం లేదే. బావ సమాధి దగ్గరికి దాన్ని పంపింది నేనేగా. నా రూపం మీద నీకు నమ్మకం అప్పుడే పోయింది. ఇంక నాకు ఓపిక లేదు చెల్లీ. సొంత చెల్లెలి గుమ్మం ముందు మళ్ళీ అలా కూర్చోలేను. ఇకనుంచి దాన్నే పంపుతాను. నువ్వెన్ని తిట్టినా దానికి నొప్పెయ్యదు."

బస్సు కదిలింది.

ఎన్నిసార్లు ఫోను చేసినా అన్న గొంతుతో మారుమనిషే పలికేది. తనే వెళ్దామని దీనమ్మ సంచి సర్దుకునేసరికి, ఎక్కేవాళ్ళు లేరని ఆ వారపు బస్సునూ ఆపేశారు.

మరుసటి క్రిస్మస్‌కి మారుమనిషి టంచనుగా వచ్చింది. దీనమ్మ ఎదురెళ్ళి "లోపలికి రా అన్నయ్యా" అని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి యోనా కుర్చీలో కూర్చోబెట్టింది. దాని ఒళ్ళో తల పెట్టి, క్షమించమని పొద్దుగూకేదాకా ఏడ్చింది. అది ఎంతో మెత్తగా క్షమించానంది. ఆ సారం కొత్తగూడెం చేరింది. ప్రభుదాసు విన్నాడో లేదో ఆమెకు తెలియలేదు.