నాలుగు జానల ఉయ్యాల

"ఒక రంపం ఇస్తారా?" అని అడిగిన పాపానికి బొమ్మలమ్మాయి పావుగంట నుంచి గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏ రంపం?" అన్నాడు తూకాలబ్బాయి.

"కోసేది."

"అన్నీ కోసేవేనండీ. అడ్డంగా కోయాలా, నిలువుగా కోయాలా, వంపు తిప్పాలా? చెక్క పచ్చిదా, ఎండినదా? మందం ఎంత?"

"చెక్క ఇంకా కొనలేదు."

"చెక్క లేకుండా రంపం ఎందుకండీ?"

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఈ మనిషి కింద వాటాలో అద్దెకు దిగి ఆరు నెలలైనా అతనితో గట్టిగా నాలుగు మాటలు మాట్లాడింది లేదు. ఇవాళ ఎందుకు మాట్లాడానా అనిపించింది. కొట్లలో తూకాలూ కొలతలూ తనిఖీ చేసే ఉద్యోగం అతనిది. పది గ్రాములు తేడా వస్తే కాగితం రాసి చేతిలో పెట్టే రకం. వీధి వీధంతా తూకాలబ్బాయి అనే పిలుస్తుంది.

పెరట్లో ఉన్న ఈ షెడ్డు అతని రెండో కాపురం. గోడ నిండా పనిముట్లే. పదకొండు రంపాలు, వరసగా ఉలులు, సుత్తులు, డ్రిల్లులు. దేని చోటు దానిదే. ఒక్కోదాని చుట్టూ తెల్ల రంగుతో గీత కూడా గీసి పెట్టాడు. నేల మీద మాత్రం వెతికినా రంపపు పొట్టు కనపడదు.

"వీటితో ఇప్పటిదాకా ఏం చేశారు?" అంది ఆమె.

"ఆ అలమర."

"అందులో ఏముంది?"

"ఇంకొన్ని ఉలులు."

"అంటే పనిముట్లతో పనిముట్లకి అలమర చేశారన్నమాట. ఇది షెడ్డు కాదండీ, షోరూమ్!"

అతని చెవులు ఎర్రబడ్డాయి. "మీ చంకలో ఉన్నవేంటి?"

"నోటుపుస్తకాలు. ఏడున్నాయి. అన్నిట్లోనూ నా ఐడియాలే."

"వాటిలో ఎన్ని వస్తువులయ్యాయి?"

ఆమె పుస్తకాలను చంకలో ఇంకా గట్టిగా అదిమింది. ఆమె పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేస్తుంది, వేసినవన్నీ అచ్చవుతాయి. కానీ చేత్తో చేస్తానని మాటిచ్చినవి మాత్రం ఒక్కటీ పూర్తి కాలేదు. అక్క పెళ్ళికి అద్దం చట్రం అంది. గృహప్రవేశానికి పుస్తకాల బల్ల అంది. రెండూ కాగితం మీదే ఉండిపోయాయి. అమ్మ పోయాక తనను పెంచి పెద్ద చేసిన అక్క ప్రతిసారీ ఓ నవ్వు నవ్వేసి "పోనీలేవే" అనేసింది. కోప్పడినా బాగుండేది. ఇప్పుడు అక్కకు ఎనిమిదో నెల. ఉయ్యాల నేనే చేస్తాను, కొనొద్దు అని చెప్పేసింది. ఈసారి కూడా అక్క ఆ నవ్వు నవ్వితే తట్టుకోవడం తన వల్ల కాదు.

"ఐడియా అంటూ ఉంటే పనిముట్టు ఎలాగోలా దొరుకుతుంది. కోయాలన్న ఆలోచన రాకుండానే రంపం పుట్టిందా?" అంది చివరికి.

"రంపమే లేకపోతే పలక అనే మాట మీ బుర్రలోకి వచ్చేదా? చేతిలో ఏముందో చూసుకుంటేనే ఏం చేయాలో తెలుస్తుంది."

"అన్నీ చేతిలో ఉన్న మీకేం తెలిసింది? అలమర!"

"ఏమీ లేని మీకేం వచ్చింది? ఏడు పుస్తకాలు!"

పై వరండాలోంచి అక్క గొంతు వినపడింది. "మీ ఇద్దరి వాదన తేలేలోపు నాకు నొప్పులొచ్చేస్తాయి. ఆయన దగ్గర సామానుంది, నీ దగ్గర బొమ్మ ఉంది. ఇద్దరూ కలిసి ఏడవండి!"

అలా మొదలైంది.

మర్నాడు సాయంత్రం చెక్క వచ్చింది. పక్కలూ, తల వైపూ, కాళ్ళ వైపూ అతను చేయాలి. అడుగున పరిచే పలకలు ఆమె కోయాలి. ఆమెకు ఒక రంపం దక్కింది. దాన్ని ఎలా పట్టుకోవాలో, ఎక్కడ పెట్టాలో చెప్పడానికి అతను తీసుకున్న సమయంలో ఒక పలక కోసేయొచ్చు. ఆమె విసుక్కుంటూ తన పలకలు తీసుకుపోయి మేడమెట్ల కింద మకాం పెట్టింది.

మూడు రోజుల తర్వాత వచ్చి చూస్తే అతను ఇంకా ఉలికి పదును పెడుతున్నాడు.

"ఇంకా మొదలుపెట్టలేదా!"

"పదును చాల్లేదండీ."

"వెంట్రుక తెగుతోంది కదా!"

"అడ్డంగా తెగుతోంది. నిలువునా చీలాలి."

ఆమె తల పట్టుకుంది. అయితే అతను మాత్రం ఏం తక్కువ బాధపడ్డాడు?

"నిన్న పడవ ఆకారం అన్నారు," అన్నాడు ఓ రోజు, ఆమె చేతిలో కొత్త కాగితం చూడగానే మొహం మాడ్చుకుని.

"నిన్నటి మాట నిన్నే. ఇవాళ హంస. తల వైపు చెక్క మీద ఇలా మెడ తిరుగుతుంది, ముక్కు ఇలా..."

"పడవకని వంపు కోసేశాను!"

"హంసకీ వంపుంటుంది కదండీ."

"ఇలాంటి వంపు కాదండీ!"

అతను చిత్రిక పట్టేటప్పుడు నాలుక చివర పెదవి మూలకి వచ్చి ఆగుతుంది, లెక్కలు చేసే పిల్లాడికి మల్లే. ఇంత చిరాకులో అదెందుకు చూశానా అని ఆమె తన మీద తనే చిరాకు పడింది. మర్నాడు మళ్ళీ చూసింది.

ఆదివారం మధ్యాహ్నం వాన మొదలైంది. షెడ్డు రేకుల మీద ఆ మోతకి ప్రతి మాటా అరిచి చెప్పుకోవాల్సి వస్తోంది. అతను నాలుగు వైపులూ నిలబెట్టాడు. మేకు అన్నది లేకుండా ఒకదాంట్లో ఒకటి దిగేలా చెక్కిన చివర్లు. తొమ్మిది రోజుల పని. వేలుపెట్టి తడిమినా అతుకు తెలియడం లేదు. ఆమె గర్వంగా తన పలకల కట్ట విప్పి అడుగున పరిచింది.

పలకలు ఆ చివరిదాకా రానేలేదు. కాళ్ళ వైపు పిల్లి దూరేంత సందు మిగిలింది.

"ఇదేంటి?" అన్నాడు.

"అదే నేనూ అడుగుతున్నా. మీరెందుకంత పెద్దగా చేశారు?"

"డ్రాయింగ్‌లో ఉన్నట్టే చేశా. పొడవు నాలుగు జానలు అని మీరే రాశారు. జాన అంటే తొమ్మిది అంగుళాలు. ముప్పై ఆరు."

"జాన అంటే జానండీ! ఇదిగో, ఇది!" ఆమె బొటనవేలూ చిటికెన వేలూ చాచి అతని మొహం ముందు ఆడించింది. "నేను చిన్నప్పట్నుంచీ దీంతోనే కొలుస్తా."

"మనిషికో కొలత ఉంటే లోకం ఏమైపోవాలి? రేపు ఏ కొట్టువాడో నా గుప్పెడే కిలో అంటే నేనేం చేయాలి?"

"కొట్టువాణ్ణి పట్టుకుంటారు కదా, నన్నూ పట్టుకోండి!"

అన్నాక ఏమన్నదీ ఆమెకు అర్థమైంది. అతనికీ అయినట్టుంది. కానీ అతనిది మరీ విచిత్రమైన బుర్ర. స్టీలు స్కేలు తీసి బల్ల మీద పెట్టి, నిజంగానే ఆమె చేయి పట్టుకుని దాని మీద పరిచాడు. చిటికెన వేలును మెల్లిగా చివరిదాకా సాగదీశాడు.

"ఏడుంబావు," అన్నాడు, వానలో వినీ వినపడనట్టు.

"చూశారా? నాలుగు ఏడులు ఇరవై ఎనిమిదీ, నాలుగు పావులు ఒకటీ... ఇరవై తొమ్మిది. నా పలకలు సరిగ్గానే ఉన్నాయి. ఇక చేయి వదలండి."

"ఇంకోసారి చూడాలి."

"ఎందుకు?"

"ఏ కొలతైనా మూడుసార్లు తీయాలి. మా ఆఫీసు రూలు."

రెండోసారీ ఏడుంబావే వచ్చింది. మూడోసారి అతను స్కేలు వైపు చూడనేలేదు. ఆమె కూడా చూడలేదు. ఇంత మొండి మనిషి చేతులు ఇంత వెచ్చగా ఉండటం అన్యాయం అనిపించింది ఆమెకు.

"ఒసేయ్, ఎక్కడున్నావ్? అక్కకి నొప్పులు!" మెట్ల మీంచి బావ కేక పెట్టాడు.

మూడు వారాలు ముందే.

ఆసుపత్రి నడవాలో అక్కను లోపలికి తీసుకెళ్తుంటే చెల్లెలు చేయి పట్టుకుని వెంట నడిచింది. అంత నొప్పిలోనూ అక్క ఆమె మొహం చూసి విషయం పసిగట్టేసింది. "ఉయ్యాల గురించి బెంగ పెట్టుకోకే. కొట్లో కొనేద్దాంలే," అంటూ నవ్వింది. అదే నవ్వు.

సాయంత్రానికల్లా మగపిల్లాడు పుట్టాడు. తల్లీబిడ్డా క్షేమం. ఆమె సంతోషంతో ఏడ్చింది, ఆ నవ్వు గుర్తొచ్చి ఇంకోసారి ఏడ్చింది.

మర్నాడు పొద్దున్నే షెడ్డుకి వెళ్ళేసరికి అతను రంపం చేత్తో పట్టుకుని తన పక్క చెక్కల ముందు నిలబడి ఉన్నాడు.

"అక్కని నాలుగో రోజు ఇంటికి పంపిస్తారట. నేను కొత్త పలకలు కోస్తా," అంది.

"ఎన్నాళ్ళకి?"

"వారం." తన చేతి వేగం ఆమెకు తెలుసు.

"పొట్టివాటిని పొడుగు చేయలేం. పొడుగువాటిని పొట్టి చేయొచ్చు," అని అతను చెక్క మీద గీత గీశాడు.

"ఆగండి! ఆ అతుకులు తొమ్మిది రోజులు చెక్కారు!"

"తెలుసండీ. చెక్కింది నేనేగా." అతను చిరాగ్గానే అని, అతుకును చివరిసారి వేలితో తడిమాడు. రంపం ఆడింది. నున్నగా చెక్కిన చివర్లు ఒకదాని తర్వాత ఒకటి నేల మీద పడ్డాయి. ఆమె చూడలేక తల తిప్పుకుంది.

"స్క్రూలు కొట్టేద్దాం. నాకు అసహ్యమే, అయినా కొట్టేద్దాం. హంస తల ఎప్పుడు గీసిస్తారు?" అన్నాడు.

"హంస లేదు."

"బాగుందండీ అది."

"బాగుందని నాకూ తెలుసు. వద్దు. చదునుగా వదిలేయండి." ఆ మాట అని ఆమె హంస కాగితాన్ని మడిచి ఏడో పుస్తకంలో పెట్టేసింది.

మూడు రోజులు తిట్టుకుంటూనే పనిచేశారు. స్క్రూ వంకరపోయిందని ఆమెను అతను, బిగించేవాడివి చూసుకోవాలి కదా అని అతన్ని ఆమె. 'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరూ గమనించలేదు.

అక్క ఇంటికి వచ్చింది. పిల్లాడు ఆసుపత్రిలో కునుకు తీయలేదట, ఎవర్నీ తీయనివ్వలేదట. బావ కళ్ళు గుంటలు పడిపోయి ఉన్నాయి. గది మధ్య ఉన్న ఉయ్యాల చూసి ఆయన ఏదో అనబోయి ఊరుకున్నాడు. దానికి హంస లేదు, పడవ లేదు. అడుగున ఊగే వంపు చెక్కల్లో ఒకటి వెంట్రుకవాసి ఎత్తు. ఊపినప్పుడల్లా టక్కుమంటోంది.

ఏడుస్తున్న పిల్లాణ్ణి అక్క అందులో పడుకోబెట్టి ఊపింది. టక్. టక్. పదిసార్లు ఊపేసరికి ఏడుపు సన్నబడింది. ఇంకో పదిసార్లకి పిల్లాడు నిద్రపోయాడు.

అక్క చెక్క అంచు మీద చేయి వేసి తడిమింది. ఈసారి నవ్వలేదు. పెదాలు అదిరాయి. "చేశావే," అంది, అంతే. చెల్లెలు అక్క భుజంలో మొహం దాచుకుంది.

ఇక ఆ గదిలో అందరూ గుసగుసల్లోనే మాట్లాడుకోవాల్సి వచ్చింది. గుమ్మం దగ్గర నిలబడ్డ తూకాలబ్బాయి, మనిషికి వేరే రోజే దొరకనట్టు, అప్పుడే గొంతు సవరించుకున్నాడు.

"అక్కా, మీ చెల్లెల్ని పెళ్ళి చేసుకుంటానని అడుగుదామని వచ్చా," అన్నాడు గుసగుసగా.

"నన్నెందుకయ్యా? దాన్నడుగు," అంది అక్క, అంతే చిన్నగా.

అతను ఆమె వైపు తిరిగాడు. "ఎలా అడగాలో సిద్ధం చేసుకుందామని ఇన్నాళ్ళూ ఆగాను. మాటలు దొరకలేదు. అడగాలన్న ఆలోచన మాత్రం నువ్వు గుమ్మంలో నిలబడిన మొదటిరోజే వచ్చింది."

"అంటే ఆలోచనే ముందొచ్చిందన్నమాట!"

"ఈ ఒక్క విషయంలో."

"అది చాలు. ఒప్పుకున్నట్టు రాసివ్వు."

"ముందు జవాబు చెప్పు."

"ఊఁ," అంది ఆమె.

"వినపడలేదు."

"ఊఁ అన్నా."

"కాస్త స్పష్టంగా..."

"ఊఁ అన్నానయ్యా బాబూ! చేసుకుంటాను! ఎన్నిసార్లు చెప్పాలి నీకు!"

ఉయ్యాల్లో పిల్లాడు ఉలిక్కిపడి లేచి ఇల్లెగిరిపోయేలా గుక్కపట్టాడు. బావ రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. అక్క వాళ్ళిద్దరి వైపూ ఒక చూపు చూసి, మంచం మీద అటు తిరిగి పడుకుని, దుప్పటి లాక్కుంది.

"శుభం. సంబంధం నాకిష్టమే," అంది దుప్పట్లోంచి. "ఇక వాడు పడుకునేదాకా మీరిద్దరే ఊపండి."