నాలుగో లేత్ మీద రాత్రి డ్యూటీ

ఆ షెడ్డులో ఇనుప కడ్డీల్ని గిర్రున తిప్పుతూ చెక్కే యంత్రాల్లో, మూలనున్న నాలుగో లేత్‌కి మంచి పేరు లేదు. చీకటి పడ్డాక దాని వైపు ఎవరూ వెళ్ళరు. పాత టర్నర్ ఒకాయన దాని మీద ముప్ఫై ఏళ్ళు పనిచేసి, ఇంట్లో మంచం మీద హాయిగా పోయాడు. అయినా రాత్రిళ్ళు డ్యూటీకి వస్తున్నాడట. బతికుండగా ఒక్కరోజూ వేళకి రాని మనిషి, చచ్చాక ఇంత బుద్ధిమంతుడైతే ఎవరికి మాత్రం భయం వెయ్యదు?

రుజువు కూడా ఉంది. సాయంత్రం కడ్డీని చెక్కే టూల్ ఎలా బిగించి వెళ్ళినా... పొద్దున్నకి అది కొంచెం పైకి లేచి ఉండేది. కింద ఎవరో దోపిన సన్నటి రేకు ముక్క ఉండేది.

ఆ లేత్ మీద ఇప్పుడు పనిచేసేది షెడ్డు మేస్త్రిగారి అల్లుడు. కలలు ఎక్కువ, కొలతలు తక్కువ. టూల్ మొన కడ్డీ నడిమధ్యకి సరిగ్గా ఎదురుగా నిలబడాలి — అతనిది ఎప్పుడూ వెంట్రుకంత కిందే. దాంతో కడ్డీ మొహం చదును చేసినప్పుడల్లా మధ్యలో చిన్న బుడిపె మిగిలేది. అందుకే షెడ్డంతా అతన్ని 'మొటిమ' అనేది. చిత్రమేమిటంటే, పొద్దున చేసిన కడ్డీలకి మొటిమ ఉండదు. టూల్ అరిగి, అతను మార్చాకే మొదలు. ఆ రేకు ముక్కని మళ్ళీ వాడుకోవచ్చు కదా అంటే — దెయ్యం సొమ్మని భయపడి పారేసేవాడు.

"మొటిమా, ఆ దెయ్యాన్ని పగలు రమ్మని, నిన్ను రాత్రిళ్ళు తిరగమనాలిరా," అనేవాడు పక్క లేత్ టర్నర్.

ఆ నవ్వులు మేనేజరు దాకా వెళ్ళాయి. రేపు పదింటికి తన కళ్ళ ముందే టూల్ బిగించి, ఒక కడ్డీ చదును చెయ్యాలన్నాడు. మొటిమ మిగిలిందా, లేత్ వదిలేసి కడ్డీలు కోసే రంపం దగ్గరికి పొమ్మన్నాడు.

పదింటికి. పట్టపగలు. దెయ్యం రాని వేళ.

"మా నాన్నని అడగొచ్చుగా?" అంది ఇంట్లో భార్య.

"ఆయన నేను పుట్టుకతోనే టర్నర్నని చెప్పుకు తిరుగుతున్నారు. ఇప్పుడెళ్ళి టూల్ బిగించడం రాదననా?"

"మరి దెయ్యాన్ని అడుగుతావా?"

ఆమె ఎగతాళికే అంది. అతను మాత్రం చెప్పులు వేసుకున్నాడు.

షెడ్డు... చీకటి. పైకప్పు అద్దంలోంచి వెన్నెల నాలుగో లేత్ మీదే పడుతోంది, ఎవరో ఏరికోరి పరిచినట్టు. ఇంకోరోజైతే అతనికి పాటొకటి గుర్తొచ్చేది. రేకు బీరువా వెనక నక్కాడు. నూనె వాసన. ఎక్కడో బొట్టు... బొట్టు.

తలుపు కిర్రుమంది.

నెత్తిన దుప్పటి కప్పుకున్న ఆకారం ఒకటి చప్పుడు లేకుండా వచ్చింది. నోట్లోంచి వెలుగు — నోట్లోంచి... అల్లుడు బీరువాకి ఇంకాస్త అతుక్కుపోయాడు.

ఆకారం టూల్ మీది బోల్టులు ఒక్కొక్కటే వదులు చేసింది. లేత్ అవతలి చివర, కడ్డీ నడిమధ్యకి నేరుగా ఉండే సూదిమొనని దగ్గరకి జరిపి, రెండు మొనలూ ముక్కూ ముక్కూ రాసుకునేట్టు పెట్టి చూసింది. తల అడ్డంగా ఊపింది. జేబులోంచి విరిగిన రంపపు బ్లేడు ముక్క తీసి టూల్ కింద దోపింది. నోట్లోని వెలుగు చేతిలోకి వచ్చింది.

టార్చిలైటు.

"ఎప్పుడూ కిందే... ఎప్పుడూ కిందే," అని గొణిగింది దెయ్యం.

దుప్పటి జారింది. లోపల బూడిదరంగు స్వెట్టరు. మూడో గుండీ మాత్రం ఎర్రది — పోయిన నెల తన భార్య వాళ్ళ నాన్నకి కుట్టిన గుండీ.

"బీరువా వెనక చలిగా ఉంటుంది, అల్లుడుగారూ," అన్నాడు మేస్త్రి, ఇటు తిరక్కుండానే. "ఈసారి దాక్కునేప్పుడు చెప్పులు గుమ్మంలో విడవకండి."

అల్లుడు బయటికొచ్చాడు. "పగలే చెప్పొచ్చుగా, మావయ్యా?"

"మిమ్మల్ని ఇక్కడ చేర్చింది నేను. అందరి ముందూ మీకు నేర్పితే, ఇన్నాళ్ళూ నేను కోసిన కోతలేమైపోవాలి?" గొంతు తగ్గించాడు. "రేపు పదింటికి దుప్పటి కప్పుకుని రాలేను. ఇలా రండి. బోల్టులు విప్పండి... మళ్ళీ మొదట్నుంచి."

తెల్లారేలోగా ఇరవైసార్లు విప్పించాడు. ఇరవైసార్లు బిగించమన్నాడు.

మర్నాడు మేనేజరు కడ్డీ మొహం మీద వేలు తిప్పి చూశాడు. ఇంకోసారి తిప్పాడు. మొటిమ లేదు.

ఆ రోజు నుంచి నాలుగో లేత్‌ని దెయ్యం వదిలింది. పాత టర్నర్‌కి ఆఖరికి రిటైర్మెంటు దొరికిందని షెడ్డంతా చెప్పుకుంది. దెయ్యం మాత్రం మేస్త్రి గది గుమ్మంలో నిలబడి, ఎర్ర గుండీ సరిచేసుకుంటూ టీ తాగుతోంది.

"నేను చెప్పలేదూ? మా అల్లుడు పుట్టుకతోనే టర్నర్."