సవానా పెద్దమనిషి టోపీ

ఎల్లిస్ బూన్‌ను మంగళవారం మధ్యాహ్నం చంపేశారు. మెరిడియన్ థియేటర్ పక్క సందులో, నల్లవాళ్ళు బాల్కనీకి ఎక్కే ఇనప మెట్ల మీద మెడ విరిచి కిందికి తోసేశారు. లోపల న్యూస్‌రీల్‌లో బాంబులు పడుతున్నాయి, ఆ మోతలో ఎవరికీ ఏమీ వినపడలేదు. పోలీసులు వచ్చారు, చూశారు, తాగి పడ్డాడని తేల్చేసి వెళ్ళిపోయారు. బూన్ చర్చిలో పెద్ద, జన్మలో చుక్క ముట్టినవాడు కాదు. నల్లవాళ్ళ పేట చర్చి స్ట్రీట్‌లో ఎవర్ని అడిగినా ఆ మాట చెప్పేవారు. ఎవరూ అడగలేదు.

అతను నేవీ గూఢచారి అన్న సంగతి మాత్రం చర్చి స్ట్రీట్ మొత్తానికి ఒక్కరికే తెలుసు. ఆమె పేరు వెర్నెల్ రిడిక్. ఆమె చేసేదీ అదే ఉద్యోగం.

బుధవారం ఉదయం వెర్నెల్ రేవు దగ్గరి ఆయిస్టర్ హోటల్‌కు వంటింటి గుమ్మం నుంచి వెళ్ళింది. ముందు గుమ్మం ఆమెకు లేదు. అది గూఢచర్యం కోసం పెట్టిన జాగ్రత్త కాదు, మా ఊరు నార్‌ఫోక్ పద్ధతే అంత.

"ఆఫీసర్‌గారి కోటు ఇస్త్రీకి తీసుకెళ్దామని వచ్చాను" అంది వంటవాడితో.

"ఏ రంగు కోటు?"

"వాన రంగు."

వంటవాడు కళ్ళతోనే మేడ చూపించాడు. పై గదిలో లెఫ్టినెంట్ కమాండర్ హాస్కెల్ ప్రూయిట్ వేయించిన ఆయిస్టర్లు తింటున్నాడు. వెర్నెల్‌కు పని చెప్పేది ఆయనే. గదిలో రెండు కుర్చీలున్నాయి. ఒకదాంట్లో ఆయన, రెండోదాంట్లో ఆయన టోపీ కూర్చున్నారు. వెర్నెల్ నిలబడింది.

"బూన్ సంగతి విన్నావుగా."

"విన్నాను సార్. తాగి పడ్డాడటగా."

ప్రూయిట్ ఇంకో ఆయిస్టర్ నోట్లో వేసుకున్నాడు. "పోయే ముందు ఒక కబురు పంపాడు. శుక్రవారం మాటినీ, మెరిడియన్‌లో యుద్ధ ఖర్చుకు బాండ్లు అమ్మే షో. మన ఓడల కాన్వాయ్ వెళ్ళే దారి ఫిల్మ్ మీదికి ఎక్కించారు. అది ఆ షోలో చేతులు మారుతుంది. తీసుకునేవాడు జర్మన్. వేషం, దక్షిణాది పెద్దమనిషి."

"హాల్లో అలాంటివాళ్ళు ఎంతమంది ఉంటారు?"

"సగం హాలు వాళ్ళే."

"కాన్వాయ్ ఎప్పుడు కదులుతుంది?"

"ఆ సాయంత్రమే, సముద్రం పోటు మీద. ఆపడం నా చేతుల్లో లేదు. ఫిల్మ్ వాడి చేతికి చిక్కిందంటే ఓడలన్నీ సబ్‌మెరైన్ల నోట్లోకి వెళ్ళినట్టే."

ఆ ఓడల్లో ఒకదాంట్లో వెర్నెల్ తమ్ముడు థర్మన్ ఉన్నాడు. తుపాకీ ముట్టుకోనివ్వరు గనక ఆఫీసర్ల బల్ల దగ్గర వడ్డిస్తాడు. పడక వేరు, భోజనం వేరు. ఓడ మునిగితే మాత్రం అందరితోపాటే మునుగుతాడు. అందులో వేరే వరస లేదు.

ప్రూయిట్ మూతి తుడుచుకున్నాడు. "నీ డాన్సరమ్మ కొరిన్ వేల్ మన మనిషి. జర్మన్లేమో తమ మనిషనుకుంటున్నారు. వాణ్ణి గుర్తుపట్టగానే స్టేజీ మీద పచ్చ విసనకర్ర తెరుస్తుంది. నా వాళ్ళు పట్టుకుంటారు. నీ సంగతి ఆమెకు తెలీదు, తెలియనివ్వకు. నువ్వు ఎప్పటిలాగే ఆమెకు పనిమనిషివి. కళ్ళు తెరుచుకుని ఉండు, అంతే." జేబులోంచి బంగారు పాళీ పెన్ను తీశాడు. "దీన్లో కెమెరా ఉంది."

"వద్దు సార్. పనిమనిషి దగ్గర బంగారు పాళీ కనిపిస్తే గూఢచారి అనుకోరు, దొంగ అనుకుంటారు. నా పౌడర్ డబ్బాలో పిస్తోలుంది, చాలు."

*

శుక్రవారం మెరిడియన్ ముందు నావికుల వరస మూల మలుపు దాటింది. సినిమా ముందు, డాన్స్ తర్వాత, చివర్లో బాండ్ల వేలం. గోడల మీద ఎక్కడ చూసినా కొరిన్ నిలువెత్తు బొమ్మ, కింద పెద్ద అక్షరాలు: 'కొరిన్ వేల్ సొంత నాట్యం.'

ఆ సొంత నాట్యంలో ప్రతి అడుగూ వెర్నెల్‌ది. చర్చి స్ట్రీట్‌లో జనం బల్లలెక్కి చూసిన డాన్స్ అది. రెండేళ్ళ కిందట కొరిన్ ముచ్చటపడి నేర్పమంది, నేర్పింది. మెరిడియన్ స్టేజీ మీద నల్లవాళ్ళ పాదం పడేది తుడిచేటప్పుడే. అందుకని అడుగులు స్టేజీ మీదికి వెళ్ళాయి, మనిషి మేకప్ గదిలో ఉండిపోయింది. ఆ బొమ్మ దాటినప్పుడల్లా వెర్నెల్‌కు కడుపు మండిపోయేది. ఇవాళ ఇంకా మండింది.

"వెర్నెల్, చెప్పులు ముట్టుకోకు. ఇవాళ నేనే తొడుక్కుంటాను" అంది కొరిన్ అద్దంలో చూసుకుంటూ. అందగత్తె, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. చూపు తిప్పితే ముందు వరసలన్నీ ఊపిరి బిగబట్టేవి.

"రోజూ నేనేగా మేడమ్ బొత్తాలు పెట్టేది."

"ఇవాళ వద్దన్నాగా. ఒక చెప్పు వేలంలో పెడుతున్నారు. బాండ్లు ఎక్కువ కొన్నవాడికి నా చెప్పు. ఆ తడి బట్టలు తీసుకెళ్ళి పైన ఆరేసి రా."

రెండేళ్ళలో కొరిన్ వంగి తన చెప్పు తాను తొడుక్కోవడం వెర్నెల్ ఎన్నడూ చూడలేదు. మనసులో పెట్టుకుంది. చేతుల నిండా బట్టలు ఎత్తుకుని సందులోకి వచ్చి, స్టేజీ వెనక మెట్లెక్కింది. అవీ ఇరుకు ఇనప మెట్లే. పైనుంచి ఒక పెద్దమనిషి దిగుతున్నాడు. తెల్ల సూటు, వెడల్పు టోపీ, కోటుకు బాండ్ల కమిటీ రిబ్బను. పైన కమిటీ గదిలోంచి వస్తున్నట్టున్నాడు.

వెర్నెల్ అలవాటు ప్రకారం గోడకు అతుక్కుంది. అవసరమైతే వెనక్కి దిగిపోవడానికి ఒక కాలు కింది మెట్టు మీద పెట్టింది కూడా.

పెద్దమనిషి ఆగాడు. తనే పక్కకు ఒదిగాడు. టోపీ తీశాడు.

"మీరు ముందు రండి మేడమ్. బరువుగా ఉన్నట్టుంది."

ముప్పై నాలుగేళ్ళ బతుకులో తెల్లవాడి నోట తనను మేడమ్ అనడం వెర్నెల్ వినడం అదే మొదలు. ఉన్నమాట చెప్పుకోవాలి, ఆమెకు బాగుంది. ఒక్క క్షణం చాలా బాగుంది. రెండు మెట్లెక్కాక ఒళ్ళు చల్లబడింది.

వెనక్కి తిరిగింది. "చాలా థాంక్స్ సార్. తమరిది ఏ ఊరు?"

"సవానా అమ్మా. లాంగ్‌డన్ టేట్ నా పేరు. ఏడు తరాలుగా పత్తి వ్యాపారం మాది."

యాసలో వంక పెట్టడానికి లేదు. సాగదీత, తీపి, అన్నీ ఉన్నాయి. టోపీ మళ్ళీ పెట్టుకుని, ఈల వేసుకుంటూ హాల్లోకి వెళ్ళాడు.

*

ప్రూయిట్ సందు చివర కారు పక్కన నిలబడి సిగరెట్ కాలుస్తున్నాడు. లోపల డాన్స్ అయి వేలం మొదలయ్యేసరికి వెర్నెల్ ఆయన్ని వెతుక్కుంటూ బట్టలతోనే పరుగెత్తుకొచ్చింది.

"సార్, తెల్ల సూటు, బాండ్ల కమిటీ రిబ్బను. టేట్ అంటున్నాడు. సవానాలో ఏడు తరాలంటున్నాడు. అబద్ధం. వాడు ఈ దేశం వాడు కాదు."

"ఎలా తెలిసింది?"

"నాకు టోపీ తీశాడు."

ప్రూయిట్ నవ్వాడు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఆయన పుట్టి పెరిగింది దక్షిణాది చార్లెస్టన్‌లో. తండ్రి ఎవరికి టోపీ తీసేవాడో, ఎవరికి తీసేవాడు కాదో ఆయనకు ఒకరు చెప్పక్కర్లేదు. వెర్నెల్ తనకేసే చూస్తోంది. ఆయన నెత్తిమీద టోపీ అలాగే ఉంది.

"దారి ఇచ్చి, మేడమ్ అన్నాడు" అంది వెర్నెల్. "ఆడవాళ్ళకు టోపీ తియ్యాలని ఎవరో బాగా నేర్పి పంపారు సార్. ఏ ఆడవాళ్ళకో చెప్పడం మర్చిపోయారు."

ప్రూయిట్ సిగరెట్ పారేశాడు. మొహం ఎర్రబడింది. "కొరిన్ డాన్స్‌లో విసనకర్ర తెరిచిందని ఇప్పుడే కబురొచ్చింది. మూడో వరసలో మాంసం వ్యాపారి వైపు. నా వాళ్ళంతా వాడి చుట్టూ ఉన్నారు."

"అయితే ఆవిడ ఎవరి మనిషో తేలిపోయింది కదా సార్. ఫిల్మ్ చెప్పు మడమలో ఉంది. ఇవాళ నన్ను ముట్టుకోనివ్వలేదు."

"నా వాళ్ళను తీసుకొస్తాను. ఈలోగా వాడు ఇటే వస్తే?"

"వస్తే ఆపుతాను. మీరు వెళ్ళండి."

లోపల వేలం ముగిసిన గంట మోగింది, చప్పట్లు మిన్నంటాయి. సందు అవతలి కొసన మరో కారు వచ్చి ఆగింది, ఇంజను ఆపలేదు. స్టేజీ తలుపు తెరుచుకుంది. టేట్ బయటికి వచ్చాడు. చంకలో ఎర్ర రిబ్బను కట్టిన అట్టపెట్టె.

వెర్నెల్ ఎదురు వెళ్ళి, చేతిలోని బట్టలన్నీ అతని కాళ్ళ ముందు జారవిడిచింది.

అదే నార్‌ఫోక్ వాడైతే దాటుకుంటూ పోయేవాడు. సవానా వాడైతే తొక్కుకుంటూ పోయేవాడు. టేట్ "అయ్యో" అంటూ పెట్టె కింద పెట్టి, బట్టలు ఏరడానికి వంగాడు. ఒంటికి పట్టిన అలవాటు బుర్ర కన్నా ముందు వంగింది. తల ఎత్తబోయేసరికి మెడ మీద పిస్తోలు చల్లగా తగిలింది.

"ఎల్లిస్ బూన్ తాగలేదు సార్" అంది వెర్నెల్. "అతనికి టోపీ తీశారా? లేక నేరుగా మెడేనా?"

టేట్ ఒక మాట అన్నాడు. నల్లవాళ్ళను ఈ ఊళ్ళో రోజూ అనే మాటే. యాస ఈసారీ తప్పలేదు.

"ఇందాక మెట్ల మీద ఇదే మాట అని ఉంటే ఈపాటికి కారెక్కి వెళ్ళిపోయేవారు" అంది వెర్నెల్.

అప్పుడే సందు మలుపు తిరిగి ఇద్దరు షోర్ పెట్రోల్ వాళ్ళు వచ్చారు. నేవీ పోలీసులు, నడుముకు పిస్తోళ్ళు. వాళ్ళకు కనిపించింది ఇంతే: మోకాళ్ళ మీద తెల్లవాడు, పైన తుపాకీతో నల్లమనిషి. ఇద్దరూ పిస్తోళ్ళు దూశారు.

"ఏయ్ అమ్మాయ్, కింద పడెయ్. మళ్ళీ చెప్పను."

"ఇతను జర్మన్ గూఢచారి. నేను నేవీ మనిషిని. కమాండర్ ప్రూయిట్‌ను అడగండి."

"ఓహో, నేవీ మనిషివా" అన్నాడు పొట్టివాడు, రెండోవాడికేసి చూసి. "అడ్మిరల్‌వి కాదు కదా?"

స్టేజీ తలుపులో కొరిన్ కనిపించింది, ఒంటి చెప్పుతో. "అది నా పనిమనిషి. నగలు పోతున్నాయని ఎప్పటినుంచో అనుమానం. పాపం, ఆ పెద్దమనిషిని దోచుకుంటోంది."

వెర్నెల్‌కు కాల్చి పారెయ్యాలన్నంత కోపం వచ్చింది, నలుగురినీ. కాలిస్తే తను చస్తుంది, ఫిల్మ్ కారెక్కుతుంది, థర్మన్ సముద్రం పాలవుతాడు. పిస్తోలు వదిలేసింది. ఇద్దరూ చెరో రెక్కా విరిచి పట్టుకున్నారు. టేట్ లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు, పెట్టె కోసం చెయ్యి చాచాడు.

వాళ్ళు చేతులే పట్టుకున్నారు. కాళ్ళ సంగతి ఆలోచించలేదు.

కొరిన్ వేల్ సొంత నాట్యం చివర్లో ఒక దెబ్బ ఉంటుంది, మడమతో నేల అదిరేలా కొట్టే దెబ్బ. కొరిన్ దాన్ని సగం బలంతో కొట్టేది, మోకాలు నొప్పని. వెర్నెల్ పూర్తిగా కొట్టింది. పెట్టె చితికింది, లోపల చెప్పు మడమ విరిగింది. వేలెడు ఫిల్మ్ చుట్ట దొర్లుకుంటూ వెళ్ళి పొట్టివాడి బూటుకు తగిలి ఆగింది.

టేట్ కారు వైపు పరుగు తీశాడు. ఆ కారు అతని కోసం ఆగలేదు. సందు ఆ చివర నుంచి ప్రూయిట్ మనుషులు వస్తున్నారు, అతను నేరుగా వాళ్ళ చేతుల్లోకే వెళ్ళాడు.

ప్రూయిట్ రొప్పుతూ వచ్చాడు. "ఆమెను వదలండి. మా మనిషి." వాళ్ళు వదిలారు.

"మాకెలా తెలుస్తుంది సార్" అని గొణిగాడు పొట్టివాడు.

"నేను చెప్పాను కదా" అంది వెర్నెల్. అతను నేలకేసి చూశాడు.

కొరిన్ చేతులకు బేడీలు పడ్డాయి. వెర్నెల్ ముందు నుంచి వెళ్తూ ఆగింది, కళ్ళు తడి చేసుకుంది. "నిన్నెప్పుడైనా తక్కువగా చూశానా వెర్నెల్? ఎన్నిసార్లు నీకు మేజోళ్ళు ఇచ్చాను?"

"చిరిగినవి ఇచ్చారు మేడమ్. నా డాన్స్ మాత్రం కొత్తదే తీసుకున్నారు."

రేవులో ఓడల కూత మొదలైంది. ఒకటి, దాని వెనక ఇంకొకటి. వెర్నెల్ కళ్ళు మూసుకుని వింది. అందులో థర్మన్ ఓడ ఏదో తెలీదు, ఏదైనా బయల్దేరుతోంది, చాలు. ఈ వేళకు ఆఫీసర్ల బల్ల మీద ప్లేట్లు సర్దుతుంటాడు.

ప్రూయిట్ ఫిల్మ్ చుట్ట జేబులో వేసుకున్నాడు. "నీ గురించి వాషింగ్టన్‌కు రాస్తాను."

"ముందు బూన్ గురించి రాయండి సార్. తాగి పడలేదని రాయండి. పోలీసులకు కూడా."

"రాస్తాను."

ఆయన చెయ్యి టోపీ దాకా లేచింది. సెల్యూట్‌కే లేచింది, అందులో సందేహం లేదు. గోడవారగా షోర్ పెట్రోల్ వాళ్ళిద్దరూ చూస్తున్నారు. చెయ్యి టోపీ అంచును కొంచెం సర్ది, కిందికి దిగింది. తర్వాత ఆయన నేల మీది బట్టలను జాగ్రత్తగా దాటుకుంటూ కారు వైపు నడిచాడు.

వెర్నెల్ వంగి ఆ బట్టలు తనే ఏరుకుంది. ఈయన గురించి మాత్రం వాకబు చెయ్యనక్కర్లేదనుకుంది. అచ్చంగా ఇక్కడివాడే.