ఆపరేషన్ ఉదయగిరి గరిటె

"ఆ ముఠా తీస్తున్న వీడియోల హార్డ్‌డిస్క్ దేశం దాటకూడదు. ఇంకో కాపీ లేదు," అన్నాడు చీఫ్. "దాటిందా, ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కేవాళ్లంతా ఇళ్లలో కూర్చోవాలి. వాళ్ల పని నేర్చుకోవడానికి విదేశంలో ఏఐ రోబో రెడీగా ఉంది. నీకు రెండు రోజులు!"

ఏజెంట్ మోహన్‌కృష్ణ నెల్లూరు హోల్‌సేల్ వ్యాపారి వేషంలో ఉదయగిరిలో దిగాడు. చొక్కా గుండీలో కెమెరా. ఏం లాభం? ముఠా అప్పటికే షూటింగ్ ముగించుకుని జారుకుంది.

ముప్పై ఏళ్లుగా గరిటెలు చెక్కుతున్న రెబెకమ్మ సంబరంగా చెప్పింది. "నా నుదుటికి కెమెరా కట్టినారు నాయనా. నా పని ఫారిన్లో చూస్తారంట! కొత్త చీర కట్టుకోని కూచున్నా. పిడి తిప్పేది అర్థం కాలేదేమోనని మూడుసార్లు చేసి చూపిచ్చినా."

పిచ్చితల్లి! తన నోటికాడి కూడు లాక్కునే యంత్రానికి తనే కూర్చోబెట్టి ఓనమాలు దిద్దించింది. మోహన్‌కృష్ణ గుండె చెరువైపోయింది.

మర్నాడు, ఆత్మకూరు బస్ డిపో. నల్లకళ్లద్దాలు, ఎర్రటి లిప్‌స్టిక్, గుప్పుమనే సెంటు. ముఠాలో జీతం తీసుకుంటూ మనకు కబుర్లు చేరవేసే మేఘన బెంచీ మీద కూర్చుని ఉంది.

"కావలి బస్సులో ఏసీ ఉంటుందా?" కోడ్ విసిరాడు.

"కిటికీ ఉండాది, చాలదా?" కోడ్ కలిసింది. గొంతు తగ్గించింది. "నెల్లూరు బస్సు. మూడో సీటు. ఎర్ర బ్యాగు."

బస్సు కదిలిపోతోంది! మోహన్‌కృష్ణ ఉరికి ఫుట్‌బోర్డు అందుకున్నాడు. ఎర్ర బ్యాగువాడు కిటికీలోంచి డిస్క్‌ను పక్కనే వస్తున్న బైకువాడికి అందించబోతుండగా మణికట్టు ఒడిసిపట్టాడు. ఇంకొక్క సెకనైతే గోవిందా!

"శభాష్!" ఫోన్‌లో చీఫ్.

"పగలగొట్టెయ్యనా సార్?"

"మతి పోయిందా? భద్రంగా పట్రా. మన కంపెనీ ఒకటి అడుగుతోంది. వాళ్లూ రోబో చేస్తున్నారు."

ఛీ, ఇందుకా ప్రాణానికి తెగించింది? అతనికి ఏడుపొచ్చింది. సాయంత్రం ఉదయగిరి వెళ్లి, తలెత్తలేక, "డిస్క్ మనవాళ్ల దగ్గరే ఉంటుందమ్మా," అని మాత్రం అన్నాడు.

రెబెకమ్మ ముఖం వెలిగిపోయింది. "మనోళ్లేనా! మా నాయన నేర్పిన మెలిక ఒకటుండాది. పరాయోళ్లకెందుకులే అని దాచిపెట్టినా. మనోళ్లని రమ్మను నాయనా, చూపిస్తా."

"వద్దమ్మా," ఆమె చేతులు పట్టేసుకున్నాడు. కళ్లనీళ్లు ఆగలేదు. "ఎవ్వరికీ వద్దు. మనవాళ్లకి అసలే వద్దు!"

మళ్లీ ఫోన్ మోగింది. "ఆమె దగ్గర ఇంకేమైనా మిగిలిందా?"

"ఏమీ లేదు సార్."

ఇరవై ఏళ్ల సర్వీసులో ఎన్నో దేశాలకు అబద్ధాలు చెప్పాడు. సొంత ఆఫీసుకు చెప్పడం ఇదే బోణీ.