పువ్వు గుర్తు కెమెరా

బయట ముసురు పట్టింది. అమ్మ బేకరీలో బల్ల మీద ఒక రొట్టె రాజుగారిలా కొలువుదీరి ఉంది. దాని ఎదుట ఆస్థాన చిత్రకారిణి గుండుసూది చెమటలు కక్కుతోంది.

పదకొండేళ్ల ఆ అమ్మాయికి గుండుసూది అనే బిరుదు ఎదురు కొట్టు టైలర్ తాత ప్రసాదించినది. ప్రతి విషయంలోనూ దూరుతుందని.

వీధి చివర కొత్త బేకరీ తెరిచాక అమ్మ రొట్టెలు అలమరలోనే మిగిలిపోతున్నాయి. ఇలాగే ఉంటే కొట్టు మూసేయాలని అమ్మ పిన్నితో అనడం గుండుసూది వింది. నోరూరించే ఫొటో ఒకటి గుమ్మానికి తగిలిస్తే చాలు, జనం బారులు తీరుతారని తీర్మానించింది. రాజ్యరక్షణ భారం తన భుజాలకెత్తుకుంది.

ఆయుధమే కుదరలేదు. అమ్మ ఫోన్‌ను దగ్గరగా పెట్టి తీస్తే ఫొటోలో రొట్టె మబ్బుముక్కలా మసకబారింది. నాన్న పాత కెమెరాకు ఉన్నన్ని మీటలు విమానానికైనా ఉండవేమో! చివరికి ఆమె టైలర్ తాతను శరణు వేడింది.

తాత సొరుగులోంచి అరచేతిలో ఇమిడే కెమెరా తీశాడు. "ఇదిగోనే గుండుసూదీ, నీలాంటి మేధావులకు ఇదే తగింది. ఈ పువ్వు గుర్తు నొక్కు, నలుసైనా స్పష్టంగా పడుతుంది. దగ్గరగా పెట్టు. ఊపిరి బిగబట్టు."

"అంతేనా తాతా?"

"అంతే. అద్దె మాత్రం ఉంది. ఫొటో తీసిన రొట్టె నాదే!"

ఫొటో అద్భుతంగా వచ్చింది. రొట్టె పైపొర మీది పగుళ్లు కొండలోయల్లా కనిపించాయి. గుండుసూది కంప్యూటర్లో దాన్ని ఇంకా పెద్దది చేసింది. లోయల్లో చల్లిన పిండి ఉంది. పిండి మధ్య ఆకుపచ్చగా, నూగునూగుగా మచ్చలున్నాయి.

అది మొన్నటి రొట్టె.

అమ్మకు చెబితే అలమర మొత్తం పారేస్తుంది. ఆ తర్వాత కొట్టు? గుండుసూది మౌస్ పట్టుకుని మచ్చలన్నీ తుడిచేసింది. ఫొటోలో రొట్టె నిష్కళంకమైంది. బల్ల మీది రొట్టె ఎలా ఉందో అలాగే ఉంది.

"ఎలా వచ్చిందే?" అమ్మ అడిగింది.

"బాగుందమ్మా."

అమ్మ ఆ రొట్టెనే కాగితంలో చుట్టి చేతికిచ్చింది. "తాతకిచ్చి రా. పాపం, ఆశగా అడిగాడు."

నోరు విప్పడానికి వీధి వెడల్పంత సమయం ఉంది. గుండుసూది విప్పలేదు.

మర్నాడు టైలర్ కొట్టు షట్టర్ లేవలేదు. వాంతులతో నేల మీద పడి ఉన్న తాతను పక్కింటివాళ్లు ఆస్పత్రికి మోసుకెళ్లారు. అమ్మ వెళ్లి చూసి వచ్చి, గుమ్మంలోనే కూలబడింది.

"ఏం తిన్నావు బాబాయ్ అంటే, నీ రొట్టే పాలలో ముంచుకు తిన్నానమ్మా అంటాడు. నా రొట్టెలో ఏముంటుందే?"

గుండుసూది కంప్యూటర్ తెరిచి, తుడవని ఫొటో చూపించింది. అమ్మ కళ్లు చికిలించి, ముక్కు తెరకు తగిలేంత దగ్గరికి వచ్చింది.

"ఏమిటిది?"

"బూజమ్మా. నేను చూశాను. ఫొటోలో తుడిచేశాను. రొట్టె మాత్రం తాతకిచ్చాను."

అమ్మ కొట్టలేదు. కొడితేనే బాగుండేది. అలమరలోంచి ఒక రొట్టె తీసి కళ్ల దగ్గర పెట్టుకుంది, దూరంగా పట్టుకుంది.

"పిండనుకున్నానే," అంది మెల్లగా. "కొన్నాళ్లుగా నాకన్నీ పిండిలాగే కనబడుతున్నాయి."

ఆ రోజు కొట్టు తెరవలేదు. గుండుసూది ఆస్పత్రికి వెళ్లి, తాతకు కూడా బూజు సంగతి చెప్పి, కెమెరా మంచం మీద పెట్టింది. తాత గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"ఉంచుకో," అన్నాడు, ఇటు తిరగకుండానే. "అద్దె కట్టావుగా."

ఇప్పుడు ఆ కొట్టు గుమ్మానికి ఏ ఫొటో లేదు. బారులు తీరిన జనమూ లేరు. షట్టర్ ఎత్తకముందే గుండుసూది అలమర ముందు కూర్చుని, పువ్వు గుర్తు నొక్కి, ఒక్కో రొట్టెనూ ఊపిరి బిగబట్టి చూస్తుంది. అమ్మ చెత్తబుట్ట పట్టుకుని పక్కనే నిలబడుతుంది.

"ఎలా ఉందే?"

"ఇది వద్దమ్మా."